పూలమెరక పురపాలక సంఘం వారి పెదాలు

పూలమెరక పురపాలక సంఘంలో నీటి పన్ను విభాగం వాళ్ళు ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడ మీదికెక్కి వీడియో తీసుకున్నారంటే, దాని వెనక ప్రభుత్వ ఆశయం ఏమీ లేదు. ఆ పూట కరెంటు లేదు. కింద ఉక్కగా ఉంది. పైన ట్యాంకు నీడలో కాస్త గాలి తగులుతోంది. అంతే.

జీపు డ్రైవరు మస్తాన్ ఫోనులో ఏదో పాత సినిమా పాట పెట్టాడు. వెన్నెల్లో పడవెక్కుదాం రమ్మని ఒకడు అడుగుతుంటాడు, మా అమ్మ తిడుతుందని ఒక అమ్మాయి అంటుంటుంది. ఆ పాటకు ఊరికే పెదాలు కదుపుతూ, తామే పాడుతున్నట్టు నటించాలని ఎవరికి తోచిందో ఇప్పటికీ తేలలేదు. కథానాయకుడి పాత్ర మాత్రం సీనియర్ అసిస్టెంటు భ్రమరాంబ గారు తీసుకున్నారు. అది విన్నవాళ్ళు ఎవరూ మొదట నమ్మలేదు. ఆవిడ కిటికీ ముందు నిలబడి పన్ను కట్టేవాళ్ళు, డాక్టరు ముందు నిలబడ్డట్టు గొంతు తగ్గించి మాట్లాడేవారు. అలాంటి మనిషి కళ్ళజోడు తీసి కొంగు నడుముకి దోపి, పిట్టగోడ మీద మోచెయ్యి ఆన్చి, ఒక కనుబొమ్మ పైకెత్తి, పడవెక్కమని బతిమాలారు.

అమ్మాయి పాత్ర పంపు ఆపరేటరు నూకరాజుది. ఊళ్ళో అంత గుబురు మీసం మరొకరికి లేదు. తువ్వాలు మేలిముసుగులా కప్పుకుని, కాలి బొటనవేలితో నేల మీద రాస్తూ సిగ్గుపడ్డాడు. మిగతా వాళ్ళు వెనకాల చేతులు ఊపుతూ అలలయ్యారు. చివరి చరణంలో ఆ అమ్మాయి సన్నగా కూనిరాగం తీసే చోట, నూకరాజు మీసం కింద పెదాలు సున్నా చుట్టేసరికి భ్రమరాంబ గారికి నవ్వు వచ్చేసింది. ఆవిడ నవ్వగా చూడటం ఆఫీసులో వాళ్ళకి అదే మొదలు. కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరందక నవ్వారు. వీడియో అక్కడితో అయిపోయింది.

మస్తాన్ దాన్ని వాళ్ళ అక్కకి పంపాడు. అక్క తన తోడికోడలికి పంపింది. సాయంత్రానికి ఊరంతా చూసింది. మర్నాడు పన్ను కట్టడానికొచ్చిన ఒక ముసలాయన రసీదు తీసుకుని కదలకుండా నిలబడి, "ఇంతకీ ఆ పిల్ల పడవెక్కిందా అమ్మా?" అని అడిగాడు. భ్రమరాంబ గారు తలెత్తకుండానే, "లేదండి. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు," అన్నారు. లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ వారం పన్ను కట్టడానికి జనం తమంతట తాము వచ్చారని, అలా రావడం ఈ మధ్యకాలంలో జరగలేదని బిల్ కలెక్టర్లు చెప్పుకున్నారు.

కమిషనరు త్రివిక్రమరావు గారికి మాత్రం నవ్వు రాలేదు. ఆయన స్వతహాగా మంచివారే కానీ, తన కింద పనిచేసేవాళ్ళు తనకు తెలియకుండా సంతోషంగా ఉండటం ఆయనకు సరిపడేది కాదు. వెంటనే మెమో రాయించారు. 'విధి నిర్వహణా కాలమందు నోరు తెరిచి, అట్టి నోటి నుండి ఎట్టి శబ్దమును వెలువరింపక, ప్రజలను నవ్వించి, తద్వారా పురపాలక సంఘము యొక్క గాంభీర్యమునకు భంగము కలిగించినారు కావున' అంటూ సాగింది అది. దాని మీద సంతకం పెట్టబోతుండగా ప్రాంతీయ సంచాలకులు పూర్ణానందం గారి నుంచి ఫోను వచ్చింది. పూర్ణానందం గారు ఆ చుట్టుపక్కల పురపాలక సంఘాలన్నిటికీ పై అధికారి. ఆయనకి వీడియో వాళ్ళ వియ్యంకుడు పంపాడట. అద్భుతం అన్నారు. ఉద్యోగుల ఉల్లాస స్థాయిని పెంపొందించే దిశగా మీరు చేస్తున్న వినూత్న కృషి రాష్ట్రానికే ఆదర్శం అన్నారు.

త్రివిక్రమరావు గారు తాను చేస్తున్న కృషి ఏమిటో కాసేపు ఆలోచించి, అవునండి అన్నారు. ఫోను పెట్టేసి మెమో దగ్గరికి లాక్కుని 'భంగము కలిగించినారు' అన్న చోట కొట్టేసి 'వన్నె తెచ్చినారు' అని రాశారు. మిగతాదంతా అలాగే ఉంచి ప్రశంసాపత్రంగా ఇచ్చారు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దాని పేరు సామూహిక ఓష్ఠ సమన్వయ కార్యక్రమం. ప్రాంతంలోని ప్రతి పురపాలక సంఘంలోనూ ప్రతి బుధవారం ఉద్యోగులందరూ పాటకు పెదాలు కదుపుతూ విధిగా ఉల్లాసంగా ఉండాలి. ఆ సమయంలో కౌంటర్లు మూసి, 'సమన్వయము జరుగుచున్నది, నిశ్శబ్దము పాటింపుడు' అన్న బోర్డు పెట్టాలి.

మొదట మారింది పాట. వెన్నెల, పడవ వంటివి శాఖ పరిధిలోకి రావని తేల్చి, పదవీ విరమణ చేసిన ఒక ఆడిటరు గారి చేత కొత్త పాట రాయించారు. 'మురుగు కాలువా, మురుగు కాలువా, నీ ప్రవాహమే మా ప్రగతి' అని దాని పల్లవి. తర్వాత మారినవి నోళ్ళు. ఎవరి నోరు ఎంత తెరుచుకోవాలో హోదాను బట్టి నిర్ణయించారు. కింది ఉద్యోగి నోరు పై అధికారి నోటి కన్నా పెద్దగా తెరుచుకోరాదు. త్రివిక్రమరావు గారిది సహజంగానే చిన్న నోరు. దాంతో ఆయన కింద ఉన్న వంద పైచిలుకు మంది పళ్ళు కనబడకుండా మురుగు కాలువ ప్రవాహాన్ని కీర్తించాల్సి వచ్చింది. చివరి వరసలో ఉండే అటెండర్లయితే ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నిలబడేవారు.

తర్వాత తనిఖీ బృందం వచ్చింది. నూకరాజు మీసం వల్ల పెదవుల కదలిక పర్యవేక్షణకు అందడం లేదని రాసి, సగం మీసం తీయించమన్నారు. సగమంటే ఎడమ సగమా, పై సగమా అన్నది తేలేదాకా వెనక వరసలో గోడ వైపు తిరిగి నిలబడమన్నారు. భ్రమరాంబ గారు మొదటి తనిఖీలో నవ్వారని తప్పారు. నవ్వితే ఉకారాంత పదాలకు పెదాలు సరిగా చుట్టుకోవట. రెండో తనిఖీలో నవ్వలేదు. 'ఉల్లాసము లోపించినది' అని రాశారు. మూడోసారి ఆవిడ నవ్వూ కాని, ఏడుపూ కాని ఒక ముఖం పెట్టి నిలబడ్డారు. దానికి ఉత్తీర్ణత ఇచ్చారు.

భోజనాలయ్యాక మేడెక్కడం ఆగిపోయింది. వరసలు వేరు కాబట్టి భోజనాలు కూడా ఎవరి వరసలో వాళ్ళు చేయాలని ఉత్తర్వులో లేదు కానీ, బుధవారం సాయంత్రానికి ఎవరికీ ఎవరి ముఖం చూడాలనిపించేది కాదు. మస్తాన్ ఒకసారి మేడ మీదికి వెళదామా అని అడిగితే, నోరు నొప్పిగా ఉందన్నారు భ్రమరాంబ గారు.

ఇంతవరకూ అది ఉద్యోగుల బాధ. ఊరి మీదికి ఎలా వచ్చిందంటే, ఒక సమీక్షా సమావేశంలో పూర్ణానందం గారికి ఒక సంగతి స్ఫురించింది.

"గమనించారా త్రివిక్రమరావు గారూ, ఈ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి బుధవారాల్లో మన శాఖలో ఎవరి నోటి నుంచీ ఒక్క తప్పు మాట రాలేదు."

"అసలు మాటే రాలేదండి."

"నేనంటున్నదీ అదే."

ఆ మాట మీద పూర్ణానందం గారి ఆలోచన ఇంకా ముందుకు సాగిందట. ప్రజలకు అధికారుల మీద కోపం వచ్చేది అధికారులు మాట్లాడటం వల్ల. ఒకరు రేపంటారు, ఒకరు ఎల్లుండంటారు, ఒకరు మీ ఇష్టం వచ్చిన చోట చెప్పుకోమంటారు. అదే, అన్ని ఊళ్ళలోనూ అందరు అధికారుల నోటి నుంచీ ఒకే మాట, ఒకే గంభీరమైన గొంతుతో వస్తే? ఆ విధంగా సోమవారాల్లో జరిగే ఫిర్యాదుల దినం కూడా ఓష్ఠ సమన్వయంలోకి వచ్చింది. ప్రధాన కార్యాలయంలో ఎవరో రేడియో ఆయన చేత సమాధానం రికార్డు చేయించి పంపారు. 'మీ సమస్య మా దృష్టికి వచ్చింది. తగు చర్యలు సత్వరమే చేపట్టబడును. మీ సహకారానికి ధన్యవాదాలు.' ఫిర్యాదుదారు రాగానే గుమాస్తా మీట నొక్కుతాడు. అధికారి పెదాలు కదుపుతారు.

మొదటి వారంలోనే చిన్న ఇబ్బంది ఎదురైంది. త్రివిక్రమరావు గారు టీ తాగుతుండగా గుమాస్తా మీట నొక్కాడు. కప్పు నోటి దగ్గర ఉన్నందువల్ల ఆయన పెదాలు కదల్లేదు. ఎదురుగా ఉన్న ఫిర్యాదుదారు చుట్టూ చూసి, ఇప్పుడు నాకు హామీ ఇచ్చింది ఎవరండీ అని అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు. హామీకి యజమాని లేకపోవడం పరిపాలనాపరంగా ప్రమాదకరం కాబట్టి పూర్ణానందం గారు వెంటనే సవరణ పంపారు. కార్యక్రమ స్థలంలో ఏ మాట వినబడినా, అక్కడున్న అధికారుల్లో హోదాలో పెద్దవారి పెదాలు దానికి కదిలి తీరాలి. కదిలిన పెదాలు ఎవరివో మాట వారిదే. అది అధికారిక ప్రకటనగా పరిగణింపబడును. ఈ సవరణను కమిషనర్లందరి చేత మూడు రోజులు సాధన చేయించారు. త్రివిక్రమరావు గారికి అది ఎంత అలవాటయిందంటే, ఇంట్లో టీవీ వార్తలు వస్తుంటే ఆయన పెదాలు కదిలేవని వాళ్ళావిడ చెప్పుకుని బాధపడ్డారు.

ఆ తర్వాత ఫిర్యాదుదారుల వంతు వచ్చింది. రేడియో ఆయన గొంతు పక్కన జనం గొంతులు మొరటుగా ఉన్నాయని, వాళ్ళ మాటల్లో పునరుక్తి ఎక్కువని, కొందరు మధ్యలో ఏడుస్తున్నారని గమనించి, ఫిర్యాదులు కూడా రికార్డు చేయించారు. నాలుగే ఫిర్యాదులు. వీధి దీపం, మురుగు కాలువ, జనన ధ్రువపత్రం, కుక్కలు. నాలుగూ ఒక చిన్నమ్మాయి తీయని గొంతుతో చెప్పింది. వచ్చినవాళ్ళు తమకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుని పెదాలు కదపాలి. చేపల మార్కెట్టు నుంచి ఆరడుగుల మనిషి వచ్చి, చేతులు కట్టుకుని, 'అంకుల్, మా వీధిలో లైటు వెలగడం లేదు' అని పెదాలు కదిపి వెళ్ళేవాడు.

మంచినీళ్ళ ఫిర్యాదు రికార్డు చేయలేదు. శాఖ లెక్కల ప్రకారం పూలమెరకలో నీళ్ళు అందని ఇల్లు లేదు.

అక్కడే అచ్చాయమ్మకు చిక్కొచ్చింది. ఆమెది మెరక వీధి. పేరుకు తగ్గట్టే ఎత్తు మీద ఉంటుంది. పైపులు వేశారు, కుళాయిలు పెట్టారు, నీళ్ళు మాత్రం ఆ ఎత్తు ఎక్కవు. అచ్చాయమ్మ ఇంటి ముందు ఇడ్లీల బడ్డీ నడుపుతుంది. పప్పు నానబెట్టాలన్నా, గిన్నెలు కడగాలన్నా కింది వీధి నుంచి బిందెలతో మోసుకోవాల్సిందే. ఆమెకున్న ఒకే సదుపాయం గొంతు. చట్నీ అయిపోవస్తోందని ఆమె పైనుంచి కేకేస్తే కింది వీధిలో వాళ్ళు వేగంగా నడిచేవారు.

సోమవారం నాడు ఆమె ఆఫీసుకొచ్చి నీళ్ళ సంగతి ఎత్తబోతే గుమాస్తా ఆపాడు. ఉన్న నాలుగింటిలో ఒకటి ఎంచుకోమన్నాడు. అచ్చాయమ్మ నాలుగూ విని, కుక్కల దానిలో 'మా వీధికి రావాలంటేనే అందరూ భయపడుతున్నారు' అన్న ముక్క ఉందని, ఆ మాట వరకూ నిజమేనని, అదే తీసుకుంది. పెదాలు కదిపింది. త్రివిక్రమరావు గారు కూడా కదిపారు.

తగు చర్యలు నిజంగానే సత్వరం చేపట్టారు. మర్నాడే కుక్కల వ్యాను మెరక వీధికి వచ్చింది. అక్కడ ఒక్క కుక్క లేదు. తాగడానికి నీళ్ళు లేక కుక్కలు కూడా కింది వీధులకే దిగిపోయాయి. అయితే కుక్కను పట్టుకుంటున్న ఫొటో లేనిదే ఫిర్యాదు మూసేయడానికి వీల్లేదు. వ్యాను వాళ్ళు కిందికి వెళ్ళి ఒక గోధుమ రంగు కుక్కను ఎక్కించుకొచ్చి, మెరక వీధిలో వదిలి, పట్టుకుని, ఫొటో తీసుకుని వెళ్ళారు. పై సోమవారం అచ్చాయమ్మ మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వ్యాను వచ్చింది. మూడోసారికి ఆ కుక్క తనంతట తానే వ్యానెక్కి కూర్చుని, పైకొచ్చాక దిగి ఫొటోకి నిలబడింది. అచ్చాయమ్మ దానికో ఇడ్లీ పెట్టింది. దానికీ ఉద్యోగమేగా అంది.

ఆ సాయంత్రం ఆమె నీటి పన్ను కిటికీ దగ్గరికి వచ్చింది. భ్రమరాంబ గారికి సంగతంతా తెలుసు. మెరక వీధికి నీళ్ళెక్కించే మోటారు ఎప్పుడో వచ్చింది. ఆఫీసు వెనక పరదా కింద ఉంది. నూకరాజు నెలకోసారి వెళ్ళి దాని మీద దుమ్ము తుడిచి వస్తున్నాడు. బిగించమని సంచాలకుల వారు ఒక్క మాట చెప్పాలి. నీళ్ళు అందని వీధే లేనప్పుడు మోటారు దేనికని ఆయన అడుగుతున్నారు. ఇదంతా భ్రమరాంబ గారు మెల్లగా వివరించారు.

"ఆయనగారు వత్తే నేనే అడుగుతానండి. ఒక్క మాటేగా, సెప్పరా?" అంది అచ్చాయమ్మ.

"ఆయన చెప్పరు అచ్చాయమ్మా," అన్నారు భ్రమరాంబ గారు. "కదుపుతారు."

ఆయన నిజంగానే వచ్చారు. ఓష్ఠ సమన్వయానికి ఏడాది నిండబోతున్న సందర్భంగా, కార్యక్రమం పుట్టిన ఊరు కాబట్టి పూలమెరకలోనే మహా సమన్వయం జరపాలని నిర్ణయించారు. హైస్కూలు మైదానంలో షామియానాలు వేశారు. ఉద్యోగులు, కౌన్సిలర్లు, స్వయం సహాయక సంఘాల మహిళలు, బడిపిల్లలు, ఊరివాళ్ళు అందరూ కలిసి ఒకేసారి మురుగు కాలువ పాటకు పెదాలు కదపాలి. డ్రోను పైనుంచి తీస్తుంది. ప్రజా భాగస్వామ్యం తగ్గకుండా, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళ ప్యాకెట్లు ఉచితమని చాటింపు వేయించారు. మెరక వీధి మొత్తం తెల్లారేసరికి వచ్చి మొదటి వరసల్లో కూర్చుంది. ఆడవాళ్ళు సంచులు కూడా తెచ్చుకున్నారు.

పూర్ణానందం గారు వేదిక మీద మధ్యలో నిలబడ్డారు. పక్కన త్రివిక్రమరావు గారు, కాస్త చిన్న నోటితో. ప్రారంభోపన్యాసం రేడియో ఆయన గొంతుతో వినిపించింది. పూర్ణానందం గారి పెదాలు ఎక్కడా తొట్రుపడలేదు. తర్వాత పాట మొదలైంది. వేల నోళ్ళు హోదా ప్రకారం తెరుచుకుని మూసుకున్నాయి. 'నీ ప్రవాహమే' అన్న చోట కరెంటు పోయింది.

జనరేటరు ఉందా అంటే ఉంది, కానీ దాన్ని డ్రోను వాళ్ళు బ్యాటరీలు చార్జింగు పెట్టుకోవడానికి మైదానం అవతలికి తీసుకెళ్ళారు. స్పీకర్లు మూగబోయాయి. పాట ఆగితే పెదాలు ఆపమని ఉత్తర్వులో ఎక్కడా లేదు. అందుకని ఎవరూ ఆపలేదు. అంత పెద్ద మైదానంలో, అంతమంది, పిట్ట రెక్కల చప్పుడు వినబడేంత నిశ్శబ్దంలో, కళ్ళు ముందుకు పెట్టి పెదాలు కదుపుతూనే ఉన్నారు. చిన్నపిల్లలు భయపడి తల్లుల కొంగులు పట్టుకున్నారు.

అచ్చాయమ్మ మొదట తనకు చెవుడొచ్చిందేమోనని కంగారుపడింది. చిటికె వేసి చూసుకుంది. వినబడింది. అప్పుడామె లేచి నిలబడి, బడ్డీ దగ్గర పిలిచే గొంతుతో అంది.

"అయ్యా, మా మెరక ఈదికి నీళ్ళు రావట్లేదండి."

మైదానంలో ఒక మాట వినబడింది. అక్కడున్న అధికారుల్లో హోదాలో పెద్దవారు పూర్ణానందం గారు. సవరణ రాసింది ఆయనే. అందరి కన్నా ఎక్కువ సాధన చేసింది కూడా ఆయనే. ఆలోచన వచ్చేలోపే ఆయన పెదాలు కదిలాయి. 'అయ్యా, మా మెరక ఈదికి నీళ్ళు రావట్లేదండి' అని పూర్ణానందం గారు ప్రజలకు మొరపెట్టుకున్నారు. డ్రోను తీసింది. డ్రోనే కాదు, మైదానంలో ఫోను ఉన్న ప్రతివాళ్ళూ తీశారు.

అచ్చాయమ్మకు అర్థం కాలేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పింది. మళ్ళీ ఆయన పెదాలు కదిలాయి. అప్పుడు పక్కనున్న ఆడమనిషి ఆమె మోచెయ్యి పట్టుకుని, "నువ్వేదంటే అదే అంటన్నాడే, సూడు," అంది.

అచ్చాయమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. చెంగు సర్దుకుంది. వెనకున్న జనం వైపు తిరిగి, వీలైనంత హుందాగా మొదలుపెట్టింది.

"నేను పెద్దాపీసరు పూర్ణానందాన్నండి. మెరక ఈదికి మోటారు బిగించమని నేనే సెప్తన్నాను. ఈయాలే బిగించాలి. కమిసనరు గారు దగ్గరుండి సూసుకోవాలి. ఆయ్."

వేదిక మీద పూర్ణానందం గారి పెదాలు 'ఆయ్' వరకూ కచ్చితంగా కదిలాయి. ఆయన కళ్ళు మాత్రం మరేదో చెప్పడానికి అటూ ఇటూ తిరిగాయి. పక్కన త్రివిక్రమరావు గారు, పై అధికారి ప్రకటనకు తగ్గట్టు తల ఊపారు.

ఆ తర్వాత మైదానమంతా లేచింది. ఒకాయన తన వీధికి లైటు వేయిస్తున్నానన్నాడు. ఒకాయన మార్కెట్టు వెనక చెత్త రేపే ఎత్తిస్తానన్నాడు. పూర్ణానందం గారి పెదాలు అన్నీ అన్నాయి. నలుగురు ఒకేసారి మాట్లాడినప్పుడు ఎటు తిరగాలో తెలియక ఆయన నోరు కాసేపు గుండ్రంగా తెరిచి ఉంచారు. సందట్లో ఒకావిడ తన మొగుణ్ణి చూసి, పేకాటకు పోతే ఇంటికి రావద్దని హెచ్చరించింది. సంచాలకుల వారు ఆ సంగతి కూడా కటువుగానే చెప్పారు. ఇంతలో కరెంటు వచ్చింది. 'మా ప్రగతి' అంటూ పాట తిరిగి అందుకుంది. అందరూ కూర్చున్నారు.

తిరిగి వెళ్ళేటప్పుడు జీపులో పూర్ణానందం గారు మండిపడ్డారని, ఆ మాటలేవీ తనవి కావని అన్నారని మస్తాన్ చెప్పాడు. త్రివిక్రమరావు గారు వినయంగా ఒక సందేహం అడిగారట. పెదాలు కదిలినా మాట మీది కాదని మీరంటే, ఏడాదిగా ప్రాంతమంతటా మనం పెదాలు కదిపి ఇచ్చిన హామీలు కూడా మనవి కావు. మరి మూసేసిన ఫిర్యాదులన్నీ తిరిగి తెరవాలి కదండీ అన్నారట. పూర్ణానందం గారు ఊరి పొలిమేర దాటాక జీపు ఆపించి, మోటారుకు అనుమతి ఇస్తూ సంతకం పెట్టారు.

నూకరాజు ఆ సాయంత్రమే మోటారు బిగించాడు. మెరక వీధి కుళాయిలు మొదట బుసకొట్టాయి. తర్వాత దగ్గాయి. ఎర్రటి తుప్పు నీళ్ళు కాసేపు పోసి, ఆ వెనక తేటనీళ్ళు వచ్చాయి. అచ్చాయమ్మ బిందె పెట్టడం మరిచిపోయి ధార కింద చెయ్యి పెట్టుకుని నిలబడింది. బిందె నింపుకోవే అని ఎవరో అంటే, ఉండండి, ఇది వట్టినే పోనివ్వండి ఒక్కసారి అంది. కొన్నాళ్ళకి కుక్కలు కూడా తిరిగొచ్చాయి. వాటి మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

వారం రోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. సామూహిక ఓష్ఠ సమన్వయం తన లక్ష్యాలన్నిటినీ నిర్దిష్ట గడువుకు ముందే సాధించినందున ముగించడమైనదని, ఇకమీదట ఉద్యోగులెవరూ కార్యాలయంలో గానీ, బయట గానీ, సెలవు రోజున గానీ, శబ్దం చేయకుండా పాటకు పెదాలు కదపరాదని, కదిపితే క్రమశిక్షణా చర్య తప్పదని దాని సారాంశం. పూర్ణానందం గారిని ఇంకా పెద్ద బాధ్యత మీద సముద్రతీర ప్రాంత అధ్యయన కేంద్రానికి పంపారు. అక్కడ మాట్లాడాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

ఆదివారం నాడు అచ్చాయమ్మ నీటి పన్ను వాళ్ళందరినీ తన బడ్డీ దగ్గరికి పిలిచి ఇడ్లీలు పెట్టింది. వీధి మధ్యలో కుళాయి ధారగా పోస్తోంది. తిన్నాక వీధిలో ఆడపిల్లలు, మాతో కలిసి ఒక వీడియో తీయండి అని భ్రమరాంబ గారి చుట్టూ చేరారు. ఫోనులో పాట సిద్ధంగా ఉంది. మస్తాన్ నసిగాడు. ఉత్తర్వు ఉందండి అన్నాడు. నూకరాజు తన పూర్తి మీసాన్ని చేత్తో కప్పుకున్నాడు.

భ్రమరాంబ గారు కళ్ళజోడు తుడుచుకుని, ఉత్తర్వును మనసులోనే ఒకసారి చదువుకున్నారు.

"శబ్దం లేకుండా కదపకూడదన్నారు గానీ, శబ్దం చేయకూడదనలేదుగా," అన్నారు.

అప్పుడు ఫోను కట్టేసి, అందరూ కలిసి నిజంగానే పాడారు. ఎవరికీ శ్రుతి లేదు. నూకరాజు ఒక చరణం ముందు, మస్తాన్ ఒక చరణం వెనక. అచ్చాయమ్మ గొంతు ముందు మిగతా వాళ్ళవి వినబడనే లేదు. భ్రమరాంబ గారు మొదటి నుంచి చివరి దాకా నవ్వుతూనే ఉన్నారు కాబట్టి ఆవిడ ఏం పాడారో తెలియదు.

ఆ వీడియో ఊళ్ళో మళ్ళీ అందరికీ చేరింది. అందరూ ఇష్టంగానే చూశారు. కాకపోతే ప్రతివాళ్ళూ శబ్దం పూర్తిగా తగ్గించుకుని చూశారు.